వెనక యాక్సిల్ నట్టు పదే పదే వదులవుతోంది: వెల్డింగ్ పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఎనిమిదేళ్ల నాటి 100 సీసీ బండి మీద రెండు పూటలా రెండు నలభై లీటర్ల పాల క్యాన్లు కట్టుకుని 14 కిలోమీటర్ల దూరంలోని కేంద్రానికి వెళ్లొస్తాను. ఆరు నెలల కిందట వెనక చక్రం బేరింగులు పోతే మార్పించాను. అప్పటినుంచి యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరే ఇనుప కడ్డీ) నట్టు పది పదిహేను రోజులకోసారి వదులైపోతోంది, చైన్ వేలాడుతోంది, మలుపుల్లో వెనక భాగం ఊగుతోంది. మెకానిక్ మొదట స్ప్రింగ్ వాషర్ వేశాడు, తర్వాత మరలకు లాకింగ్ మందు పూశాడు, ఆ తర్వాత నట్టు మీద నట్టు వేశాడు. గట్టిగా బిగిస్తే చక్రం పట్టేస్తోందని కొంచెం వదులుగానే ఉంచుతున్నాడు. ఇప్పుడు నట్టుకు వెల్డింగ్ చుక్క పెడదామంటున్నాడు. పెట్టించమంటారా? యాక్సిల్ మార్చమంటారా?

సమాధానం: వెల్డింగ్ వద్దు. యాక్సిల్ మార్చాల్సిన అవసరమూ బహుశా రాదు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాటను మీరు మామూలుగా మధ్యలో రాసేశారు: గట్టిగా బిగిస్తే చక్రం పట్టేస్తోంది. ఇంకో మాట, ఇదంతా బేరింగులు మార్చిన రోజు నుంచే మొదలైంది. ఈ రెండూ కలిపి చూస్తే, హబ్ (చక్రం నడిమి భాగం) లోపల రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన స్పేసర్ ట్యూబు తిరిగి వేయలేదని, లేదా పొట్టిది వేశారని గట్టి అనుమానం. అది తేలేదాకా ఆ బండి మీద పాలు కట్టకండి. బరువుతో వెళ్తున్నప్పుడు యాక్సిల్ ఒక పక్క ముందుకు జారితే చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీంచి ఎగిరి చక్రాన్ని పట్టేస్తుంది. అప్పుడు బండిని ఆపడం మీ చేతిలో ఉండదు.

ఎందుకలా అనుమానిస్తున్నామో అర్థం కావాలంటే యాక్సిల్ మీద ఏమేం ఉన్నాయో చూడాలి. చాలామంది యాక్సిల్ నట్టు చక్రాన్ని పట్టుకుంటుందనుకుంటారు. అది పట్టుకునేది దండలో పూసల్లా వరుసగా కూర్చిన ముక్కల్ని. ఎడమ వైపు నుంచి లెక్కపెట్టండి: చైన్ అడ్జస్టర్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే చట్రం) ఎడమ కాలు, పక్క కాలర్ (పొట్టి గొట్టం ముక్క), స్ప్రాకెట్ డ్రమ్ములోని బేరింగ్ లోపలి రింగు, దానికీ హబ్‌కూ మధ్య చిన్న కాలర్, హబ్ ఎడమ బేరింగ్ లోపలి రింగు, పొడవాటి స్పేసర్ ట్యూబు, కుడి బేరింగ్ లోపలి రింగు, బ్రేక్ ప్లేటు, కుడి కాలర్, స్వింగ్ ఆర్మ్ కుడి కాలు, అడ్జస్టర్, వాషర్, నట్టు. బండిని బట్టి ఒకటి రెండు ముక్కలు అటూ ఇటూ అవుతాయి గానీ సూత్రం ఒకటే. ఈ వరుసంతా ఇనుముకు ఇనుము ఆనుకుని ఒకే కడ్డీలా బిగుసుకోవాలి. చక్రం మాత్రం బేరింగ్ బయటి రింగుల మీద వేరుగా, హాయిగా తిరగాలి. అందుకే అన్నీ సరిగ్గా కూర్చిన చక్రం నట్టును ఎంత బిగించినా అంతే తేలిగ్గా తిరుగుతుంది. బిగించే కొద్దీ బరువెక్కుతోందంటే, నట్టు బలం స్పేసర్ ట్యూబు మీద పడకుండా బేరింగ్ గుండ్ల మీద పడుతోందన్నమాట.

ట్యూబు లేనప్పుడు ఏమవుతుందో చూడండి. నట్టు తిప్పే కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. వాటిని ఆపేది గుండ్లు మాత్రమే. గుండ్లు పక్క ఒత్తిడికి చేసినవి కావు, నలుగుతాయి, గాడి పడుతుంది. ఆ గాడి మందం మేరకు వరుస పొట్టిదవుతుంది, నట్టు కింద బిగింపు అంత మేరకు పోతుంది. మెకానిక్ చక్రం తిరగడం కోసం నట్టును కొంచెం వదిలాడు కాబట్టి మొదట్నుంచీ బిగింపు సగమే. ఆయన తప్పు చేస్తున్నానని చేయలేదు. చక్రం పట్టేస్తుంటే వదలక ఏం చేస్తారు? కానీ వదలడంతో అసలు లోపం కప్పబడిపోయింది.

ఆ బిగింపు ఎంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. 12 మి.మీ. యాక్సిల్ మీద నట్టును 60 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలానికి కొలత) బిగిస్తే, మరల రాపిడి మామూలుగా ఉంటే, ఆ వరుసను దాదాపు రెండున్నర టన్నుల బలం నొక్కి పట్టుకుంటుంది. మరోవైపు, మొదటి గేరులో బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు చైన్ యాక్సిల్‌ను రెండు మూడు వందల కేజీల బలంతో ముందుకు లాగుతుంది. ఆ లాగుడును అడ్డుకునేది స్వింగ్ ఆర్మ్ కాళ్ల దగ్గరి రాపిడి. రెండున్నర టన్నుల బిగింపు ఉంటే రాపిడి తేలిగ్గా గెలుస్తుంది. అది పావు వంతుకు పడిపోయి, మధ్యలో గ్రీజో బురదో ఉంటే యాక్సిల్ ప్రతి గేరు మార్పుకూ, ప్రతి బ్రేకుకూ వెంట్రుకవాసి అటూ ఇటూ జారుతుంది. నట్టును విప్పేది సరిగ్గా ఆ జారుడే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని ప్రయోగం చేసి చూపించాడు: బోల్టును దాని పొడవు దిశలో ఎంత అదిరించినా నట్టు అంతగా విప్పుకోదు, బిగించిన ముక్కలు అడ్డంగా జారడం మొదలైతే మాత్రం చకచకా విప్పుకుంటుంది. ముక్కలు జారకుండా చేస్తే నట్టు నిలబడుతుంది. జారనిచ్చి నట్టుకు ఎన్ని తాళాలు వేసినా లాభం లేదు.

మీరు వేయించిన మూడు మందులూ పనిచేయకపోవడానికి కారణం అదే. స్ప్రింగ్ వాషర్ ఆ బిగింపులో చిన్న భాగానికే చదునైపోతుంది, ఆ తర్వాత అదొక మామూలు వాషర్. పైగా చీలిన అంచు స్వింగ్ ఆర్మ్‌నో అడ్జస్టర్ రేకునో గీరి పాడు చేస్తుంది. లాకింగ్ మందు గ్రీజు, నూనె అంటిన మరల మీద పట్టదు. పట్టినా అది నట్టు తిరగకుండా చూస్తుందే తప్ప వరుస పొట్టిదైతే ఆ ఖాళీ పూడ్చలేదు. నట్టు మీద నట్టుకైతే యాక్సిల్ చివర మరలు చాలవు. రెండో దానికి మూడు నాలుగు మరలు కూడా దొరకవు. ఇక వెల్డింగ్ చుక్క అన్నిటికన్నా చెడ్డది. ఆ వేడికి యాక్సిల్ ఉక్కు గుణం మారి ఆ చోట పగులు మొదలవుతుంది, పక్కనున్న సీళ్లు మాడతాయి. లోపల జారుడు అలాగే ఉంటుంది కాబట్టి ఆ బలమంతా వెల్డింగ్ అంచు మీదే పడుతుంది. పైగా దారిలో పంచరైతే చక్రం విప్పేవాడే ఉండడు.

ముందు విప్పకుండా చేయగల పరీక్షలు రెండున్నాయి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక బ్రేక్ రాడ్ నట్టును ఐదారు చుట్లు వదలండి. లేకపోతే బ్రేక్ షూలు రాసుకోవడాన్ని బేరింగ్ పట్టేయడంగా పొరబడతారు. చైన్‌ను కూడా కాస్త ఎక్కువ వదులు చేయండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పి ఎన్ని చుట్లు తిరిగి ఆగిందో చూడండి. ఇప్పుడు నట్టును గట్టిగా బిగించి మళ్లీ తిప్పండి. చుట్లు బాగా తగ్గినా, చెయ్యి తీయగానే ఆగినా, నట్టు పావు చుట్టు వదలగానే మళ్లీ తేలికైనా మన అనుమానం నిజమే. బిగించినప్పుడు సర్రుమని ఒకే చోట రాసుకుంటున్న చప్పుడు వస్తే మాత్రం వేరే సంగతి. బ్రేక్ ప్లేటు పక్క కాలర్ తప్పిపోయి ప్లేటు వాలిందేమో చూడాలి.

రెండోది రంగు గీత. బిగించాక నట్టు మీంచి వాషర్ మీదుగా అడ్జస్టర్ దాకా నెయిల్ పాలిష్‌తో ఒకే సన్నని గీత గీయండి. యాక్సిల్ రెండో కొస తలకాయ మీద కూడా అలాంటి గీతే పెట్టండి. బరువు లేకుండా రెండు మూడు రోజులు నెమ్మదిగా తిప్పి చూడండి. నట్టు దగ్గర గీత తెగి పక్కకు జరిగితే నట్టు నిజంగానే విప్పుకుంటోంది. గీత చెక్కుచెదరకుండా ఉండి కూడా పానాకు నట్టు తేలిగ్గా తిరిగితే, నట్టు కదలలేదు, వరుసే కుదించుకుపోయింది: బేరింగ్ నలగడం, కాలర్ అరగడం, మధ్యలో రంగు పొర నలగడం, వీటిలో ఒకటి. తలకాయ దగ్గర గీత తెగితే యాక్సిల్ రాడ్డే తిరుగుతోంది, లోపల బేరింగ్ రింగు దాన్ని పట్టి లాగుతోంది. ఈ మూడు జవాబులూ మూడు వేర్వేరు దారులు చూపిస్తాయి, అందుకే ఈ గీతకు ఇంత ప్రాధాన్యం ఇస్తున్నాం. తిరిగే దిశ కూడా గుర్తుంచుకోండి. బండి ముందుకు పోతుంటే ఎడమ నుంచి చూసినప్పుడు చక్రం గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. నట్టు ఎడమ వైపుండి, దాని పక్క వాషరో కాలరో చక్రంతో పాటు తిరిగితే నట్టు విప్పుకునే వైపే లాగుతుంది. నట్టు కుడి వైపుంటే, యాక్సిల్ రాడ్డే తిరిగినప్పుడు అదే నష్టం. తలకాయకు చదును చెక్కిన యాక్సిల్ అయితే ఆ చదును అడ్జస్టర్‌లోనో స్వింగ్ ఆర్మ్‌లోనో సరిగ్గా కూర్చుందో లేదో చూడాల్సింది అందుకే.

ఇక విప్పడం. ఈ పని బేరింగులు బాగా తెలిసిన మెకానిక్ చేత చేయించండి, మీరు మాత్రం పక్కనే ఉండండి. చక్రం బయటికి తీసేటప్పుడు ప్రతి కాలరూ ప్రతి వాషరూ తీసిన వరుసలోనే ఒక తీగకు గుచ్చమనండి. ఎడమ కాలరూ కుడి కాలరూ చూడ్డానికి ఒకేలా ఉండి పొడవులో రెండు మూడు మి.మీ. తేడా ఉండొచ్చు. తారుమారు చేస్తే చక్రం ఒక పక్కకు జరుగుతుంది. స్ప్రాకెట్ డ్రమ్మును రబ్బర్ల మీంచి లాగినప్పుడు దాని మధ్యలోని చిన్న కాలర్ జారి పడిపోవడం చాలా మామూలు. పాత గ్రీజులో కలిసిపోయి చెత్తలో పడుతుంది. స్పేసర్ ట్యూబు తర్వాత మా రెండో అనుమానం దాని మీదే.

పాత బేరింగులు తీశాక హబ్ లోపల చూడండి. ట్యూబు అసలు లేకపోతే విషయం తేలిపోయింది. ఉంటే దాన్ని కొలవాలి. హబ్‌లో రెండు వైపులా బేరింగ్ ఆనుకునే మెట్టు ఉంటే ఆ రెండు మెట్ల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో తీసుకోండి. ట్యూబు పొడవు దానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండొచ్చు గానీ తక్కువ ఉండకూడదు. కొసలు పుట్టగొడుగులా విచ్చుకున్నా, రంపంతో కోసిన పైపు ముక్కలా వంకరగా ఉన్నా పారేయండి. ఇక్కడ ఒక హెచ్చరిక: కొందరు నీళ్ల పైపు ముక్క కోసి ట్యూబుగా వేసేస్తారు. మెత్తని పైపు రెండు టన్నుల కింద నెల తిరక్కుండా నలుగుతుంది, అప్పుడు ఇదే కథ మళ్లీ మొదటికొస్తుంది. మీ బండి కంపెనీ విడిభాగమే తెప్పించండి. లేతు మీద తిప్పించక తప్పకపోతే మందపాటి గోడ ఉన్న ఉక్కు గొట్టంతో, రెండు కొసలూ ఒకే అమరికలో చదును చేయించండి.

బేరింగులు ఆరు నెలలే అయినా మళ్లీ కొత్తవే వేయాలి. పక్క ఒత్తిడి తిన్న బేరింగ్ చేతికి మెత్తగా తిరిగినా లోపల గుంటలు పడే ఉంటాయి. నంబరు పాత దాని మీదే ఉంటుంది: 6301 అయితే లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 37, మందం 12 మి.మీ., 6302 అయితే 15, 42, 13. మీ దారిలో బురద, నీళ్లు ఉంటాయి కాబట్టి రెండు వైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకం తీసుకోండి.

వేసే పద్ధతిలోనే సగం బేరింగులు పోతాయి. హబ్‌ను మరిగే నీళ్లతో వేడి చేసి తుడిచి, బేరింగ్‌ను గంటసేపు ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్‌లో పెడితే కొద్దిపాటి తట్టుకే కూర్చుంటుంది. కొట్టాల్సి వస్తే బయటి రింగు మీదే, దాని కొలతకు దగ్గరగా ఉన్న సాకెట్టో పాత బేరింగో అడ్డు పెట్టి కొట్టాలి. లోపలి రింగు మీద సుత్తి పడితే ఆ బేరింగ్ పని అయిపోయినట్టే. మొదట మెట్టు దాకా ఒక వైపు బేరింగ్, తర్వాత స్పేసర్ ట్యూబు, ఆ తర్వాత రెండో బేరింగ్. మధ్యలో ఈ ట్యూబు వేయడం మరిచిపోవడమే మీ కేసులో జరిగి ఉంటుంది. రెండో బేరింగ్ వేశాక మళ్లీ తీయకుండా ట్యూబును లోపలికి తోయడం సాధ్యం కాదు, అప్పుడు చాలామంది ఫర్వాలేదులే అని వదిలేస్తారు. రెండో బేరింగ్‌ను దాని లోపలి రింగు ట్యూబుకు తగిలేదాకానే కొట్టాలి. ఆ పైన కొడితే కొత్త బేరింగ్ గుండ్ల మీద అప్పుడే ఒత్తిడి పడిపోతుంది. పూర్తయ్యాక రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో ట్యూబును పక్కకు నెట్టి చూడండి: కాస్త బిగువుగా కదలాలి. గలగలా ఆడితే ఖాళీ మిగిలింది, అసలు కదలకపోతే ఎక్కువ కొట్టారు. బేరింగ్ చేత్తో వేస్తేనే హబ్‌లోకి జారిపోతే మాత్రం హబ్ గూడు అరిగిపోయింది. పంచ్‌తో చుక్కలు కొట్టి నిలబెట్టేది కొన్నాళ్ల ముచ్చటే, హబ్ మార్చాలి.

చక్రం బయట ఉండగానే మిగతా ముక్కల్ని కూడా చూడాలి. యాక్సిల్‌ను గాజు పలక మీద దొర్లిస్తే వంపు ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. మధ్యలో మెరుస్తున్న గాడి ఉంటే బేరింగ్ రింగు దాని మీద తిరిగిందని గుర్తు. గోరుకు తగిలేంత లోతు ఉంటే మార్చండి. కాలర్ల కొసలు చదునుగా ఉండాలి, గిన్నెలా గుంట పడకూడదు. స్వింగ్ ఆర్మ్ గాడి చుట్టూ రంగు మందంగా పూసి ఉంటే, ముఖ్యంగా పౌడర్ కోటింగ్ చేయించి ఉంటే, యాక్సిల్ ఆనుకునే చోట లోపలా బయటా గీకేయండి. ఆ పొర ఒత్తిడికి మెల్లగా నలిగి బిగింపును తినేస్తుంది. గాడి మూలల్లో పగులు ఉందేమో కిరోసిన్‌తో కడిగి చూడండి. అడ్జస్టర్ రేకు వంగితే కొత్తది వేయండి, దాని ఖరీదు తక్కువే. ముక్కలన్నీ వరుసగా పేర్చి స్వింగ్ ఆర్మ్ కాళ్ల మధ్య పెట్టినప్పుడు ఖాళీ రెండు మి.మీ. దాటుతుంటే ఇంకా ఏదో ముక్క తక్కువైనట్టే. నట్టుతో కాళ్లను లోపలికి లాగి ఆ ఖాళీ పూడ్చనివ్వకండి.

నట్టు సంగతి. మీ బండికి సెల్ఫ్ లాకింగ్ నట్టు అయితే కొత్తది వేళ్లతో కొంతదూరమే తిరుగుతుంది, తర్వాత పానా కావాలి. మీది చివరిదాకా వేళ్లతోనే తిరిగితే దాని పట్టు పోయింది. కోట బురుజులా గాడులున్న నట్టయితే స్ప్లిట్ పిన్ తప్పనిసరి, ప్రతిసారీ కొత్తది. మేకు ముక్క, తీగ పనికిరావు. బిగించాక నట్టు బయట కనీసం రెండు మరలు కనిపించాలి. దీనికి తిరగబడ్డ తప్పు ఒకటుంది: వేరే మోడల్ యాక్సిల్ వేసినా, వాషర్ మరిచినా నట్టు మరలు అయిపోయే చోటికి వెళ్లి అక్కడ ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, వరుస మీద మాత్రం బలం పడదు. బిగించాక కూడా వాషర్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పగలిగితే అదే జరిగింది.

ఇప్పుడు బిగించే క్రమం. అడ్జస్టర్లతో చైన్ వదులు సరిచేయండి. చాలా 100 సీసీ బళ్లకు కింది చైన్ మధ్యలో 20 నుంచి 30 మి.మీ. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ చైన్ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట కొలవాలి. అడ్జస్టర్ గీతల్ని పూర్తిగా నమ్మకుండా, స్వింగ్ ఆర్మ్ పివట్ మధ్య నుంచి యాక్సిల్ మధ్య దాకా దారంతో రెండు వైపులా కొలిచి సమానం చేయండి. తర్వాత చైన్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య మడిచిన గుడ్డ పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పండి. యాక్సిల్ ముందుకు వచ్చి అడ్జస్టర్లకు గట్టిగా ఆనుతుంది. వేళ్లు జాగ్రత్త. ఆ స్థితిలో ఒకరు వెనక బ్రేక్ పెడల్ నొక్కి పట్టుకుంటే బ్రేక్ ప్లేటు మధ్యకు కుదురుకుంటుంది, అప్పుడు నట్టు బిగించాలి. కొన్ని బళ్లలో స్ప్రాకెట్ వైపు స్లీవ్ నట్టు అని ఇంకోటి, పెద్దది, ఉంటుంది. ముందు దాన్ని, తర్వాత యాక్సిల్ నట్టును బిగించాలి. పంచరు షాపుల్లో చాలాసార్లు స్లీవ్ నట్టును ముట్టుకోరు. అది వదులుగా ఉంటే యాక్సిల్ నట్టు ఎంత బిగించినా చైన్ వైపు ఆడుతూనే ఉంటుంది.

ఎంత బిగించాలి? ఈ తరగతి బళ్లకు ఎక్కువగా 50 నుంచి 70 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మాన్యువల్‌లోని అంకె తీసుకోండి. మరలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. నూనె రాస్తే అదే అంకెకు బిగింపు చాలా ఎక్కువైపోయి మరలు సాగుతాయి. టార్క్ రెంచి (బిగింపు కొలిచి చూపే పానా) లేకపోతే వేలాడదీసే కొక్కెం తూకం చాలు. రింగు పానా మీద నట్టు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తగిలించి, పానాకు సరిగ్గా అడ్డంగా లాగండి. తూకం 24 కేజీలు చూపిస్తే 60 న్యూటన్ మీటర్లు, 20 చూపిస్తే 50. బండితో వచ్చే చిన్న పానా పొడవు 15 సెంటీమీటర్లనుకుంటే దాని మీద ఇదే బిగింపుకు 40 కేజీలు లాగాలి. రోడ్డు పక్క ఎవరూ అంత లాగరు. పంచరు వేయించిన ప్రతిసారీ నట్టు తక్కువ బిగింపుతో ఇంటికొస్తుందని గుర్తుపెట్టుకోండి. రెండో కొస తలకాయను ఇంకో పానాతో కదలకుండా పట్టుకోవాలి.

బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు కలిపే టార్క్ రాడ్ రెండు కొసల బోల్టులూ చివరిగా బిగించి స్ప్లిట్ పిన్ వేయండి. అది వదులుగా ఉంటే బ్రేక్ వేసినప్పుడల్లా ప్లేటు తిరగబోయి పక్కనున్న కాలరునూ వాషరునూ తిప్పుతుంది. ఊడిపోతే ప్లేటు గిరగిరా తిరిగి బ్రేక్ రాడ్‌ను చుట్టేసి చక్రాన్ని ఆపేస్తుంది. యాక్సిల్ నట్టు కన్నా దీన్ని మరిచిపోవడమే ప్రమాదకరం. డ్రమ్ములోని రబ్బర్లు కూడా చూడండి. స్ప్రాకెట్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పితే ఖాళీగా కొట్టుకుంటుంటే సెట్టు మార్చండి, ప్రతి యాక్సిలరేటర్ కుదుపూ నేరుగా యాక్సిల్‌కు తగులుతుంటుంది.

బిగించాక మొదటి పరీక్ష మళ్లీ చేయండి: బ్రేకు వదిలి, నట్టు పూర్తి బిగువులో ఉండగా, చక్రం హాయిగా తిరగాలి. టైరును రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపితే టక్కు శబ్దం రాకూడదు. కొత్త రంగు గీత గీసి, 50 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 300 తర్వాత ఒకసారి అదే కొలతకు బిగించి చూడండి. కొత్త ముక్కలు కొంచెం కుదురుకుంటాయి, మొదటిసారి ఏ పావు చుట్టో తిరిగితే కంగారు పడొద్దు. రెండోసారి కూడా తిరిగితే ఎక్కడో ఇంకా ముక్క నలుగుతోంది, మళ్లీ విప్పాలి.

బరువు గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఈ తరగతి బళ్లు నడిపే మనిషితో కలిపి మోయగలిగేది సుమారు 130 కేజీలు. 80 లీటర్ల పాలే 82 కేజీలు, క్యాన్ల బరువు వేరే, మీ బరువు వేరే. పాలు మీ జీవనాధారం కాబట్టి మోయవద్దని చెప్పం, కానీ క్యాన్లను యాక్సిల్‌కు వెనక వేలాడదీయకుండా వీలైనంత ముందుకు, కిందికి కట్టండి. స్టాండు రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. వెనక టైరులో వెనక సీటు మనిషికి రాసిన గాలి ఉండాలి, ఒక్కరికి రాసినది చాలదు. కేంద్రానికి బయల్దేరే ముందు వారానికోసారి రంగు గీత, చైన్ వదులు, టార్క్ రాడ్ పిన్ చూసుకోండి.

విప్పాక స్పేసర్ ట్యూబు, చిన్న కాలర్ రెండూ చోటులో ఉండి, కొలతలు సరిపోయి, బేరింగులు కూడా బాగానే ఉంటే స్వింగ్ ఆర్మ్ కాళ్లు వంగి ఉండొచ్చు. దాన్ని బండి నుంచి తీసి చదును బల్ల మీద పెట్టి చూడాలి. గాడి దగ్గర పగులు కనిపిస్తే మాత్రం అతుకు వేయించకుండా స్వింగ్ ఆర్మే మార్చండి.